విశ్వవిద్యాలయాల్లో అకడమిక్ అడ్వైజింగ్

విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థి ఏ కోర్సులు తీసుకోవాలి, ఏది ముందు ఏది తరవాత, ఒక సెమిస్టర్‌లో ఎంత బరువు మొయ్యగలడు, తప్పితే దారేమిటి అన్నవి అతనితో కూర్చుని తేల్చే ఏర్పాటును అకడమిక్ అడ్వైజింగ్ అంటారు. ఆ పని చేసే వ్యక్తి అకడమిక్ అడ్వైజర్. పాఠం చెప్పే అధ్యాపకుడే అడ్వైజర్ కావచ్చు, ఇదే ఉద్యోగంగా చేసేవారూ కావచ్చు. ఏదో ఒక రూపంలో చాలా దేశాల్లో ఉన్నా, ప్రత్యేక వృత్తిగా, పరిశోధనాంశంగా ఇది ఎదిగింది అమెరికాలో. చేరినవారు మధ్యలో మానకుండా చూడటం, గడువులోగా డిగ్రీ చేతికందేలా చూడటం దీని ముఖ్య ప్రయోజనాలని 1970ల నుంచి విద్యావేత్తలు చెబుతున్నారు. సలహా ఇచ్చినంతమాత్రాన విద్యార్థి నిలబడతాడా, ఎంత సలహా, ఎలాంటి సలహా అయితే నిలబడతాడు అన్న ప్రశ్నలకు గత రెండు దశాబ్దాల పరిశోధన చాలావరకు జవాబు చెప్పింది.

అవసరం

అమెరికా బ్యాచిలర్స్ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. అందులో కొన్ని అందరూ చదవాల్సిన సాధారణ విద్య కోర్సులు, కొన్ని మేజర్ కోర్సులు, మిగిలినవి విద్యార్థి ఇష్టం. చాలా కోర్సులకు ముందు పూర్తి చేయాల్సిన కోర్సులుంటాయి. కొన్ని ఏడాదికి ఒక సెమిస్టర్‌లోనే నడుస్తాయి. మొదటి ఏడాది తీసుకున్న ఒక తప్పు నిర్ణయం మూడో ఏడాదిలో బయటపడటం ఇందువల్లే.

లెక్కలోనే ఒక మెలిక ఉంది. ఫెడరల్ ఆర్థిక సాయం నిబంధనల ప్రకారం సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తీసుకున్నవారు పూర్తికాల విద్యార్థులు. కానీ 120 క్రెడిట్లు ఎనిమిది సెమిస్టర్లలో పూర్తి కావాలంటే ఒక్కో సెమిస్టర్‌లో 15 తీసుకోవాలి. ప్రతిసారీ 12తో సరిపెట్టుకున్న విద్యార్థి ఏ కోర్సూ తప్పకపోయినా నాలుగేళ్ల డిగ్రీకి ఐదేళ్లు పడుతుంది. ఐదో ఏటి ఫీజు, ఇంటద్దె అదనం.

1990లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం కాలేజీలు తమ గ్రాడ్యుయేషన్ రేటును బయటపెట్టాలి. మామూలు గడువుకు ఒకటిన్నర రెట్ల కాలంలో, అంటే నాలుగేళ్ల డిగ్రీని ఆరేళ్లలో, రెండేళ్ల డిగ్రీని మూడేళ్లలో పూర్తి చేసినవారి శాతాన్ని ఇందుకు లెక్కిస్తారు. ఆ కొలతతో చూసినా దేశం మొత్తం మీద బ్యాచిలర్స్ పూర్తి చేసేవారు నూటికి అరవై పైచిలుకే. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల్లో ఇంకా తక్కువ. మానేసినవారికి డిగ్రీ ఉండదు, చదువు కోసం చేసిన అప్పు మాత్రం ఉంటుంది.

కాలేజీ మారేటప్పుడు జరిగే నష్టం మరొకటి. విద్యార్థులు ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారినప్పుడు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోతున్నారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017 నివేదికలో అంచనా వేసింది. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో మారకముందే చెప్పగల మనిషి ఉంటే ఆ నష్టంలో కొంతైనా తప్పుతుంది.

చరిత్ర

వలసల కాలపు అమెరికన్ కాలేజీల్లో అందరిదీ ఒకటే పాఠ్యక్రమం. ఎంపిక లేదు కాబట్టి దాని గురించి సలహా కూడా అక్కర్లేకపోయింది. విద్యార్థి నడవడిక మీద అధ్యాపకుల నిఘా మాత్రం గట్టిగా ఉండేది. 1841లో ఒహాయోలోని కెన్యన్ కాలేజీ ప్రతి విద్యార్థీ ఒక అధ్యాపకుణ్ని సలహాదారుగా, స్నేహితుడిగా ఎంచుకోవాలని నియమం పెట్టింది. అప్పుడు అక్కడ చదువుతున్న రూథర్‌ఫర్డ్ హేస్ ఈ సంగతి తల్లికి ఉత్తరంలో రాశాడు. తరవాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన హేస్ ఇతనే.

1869లో హార్వర్డ్ అధ్యక్షుడైన చార్లెస్ ఇలియట్ ఐచ్ఛిక కోర్సుల పద్ధతిని విస్తరించాడు. కోర్సులు పెరిగేకొద్దీ ఏది ఎంచుకోవాలో చెప్పేవారు కావలసివచ్చారు. 1876లో మొదలైన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం అధ్యాపక సలహాదారుల ఏర్పాటు చేసింది. 1880ల చివర్లో హార్వర్డ్ మొదటి ఏడాది విద్యార్థుల కోసం సలహా మండలిని నియమించింది.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత పరిస్థితి పూర్తిగా మారిపోయింది. 1944 నాటి జీఐ బిల్లుతో లక్షలాది మాజీ సైనికులు కాలేజీల్లో చేరారు. 1965 ఉన్నత విద్యా చట్టం పేద కుటుంబాలకు ఆర్థిక సాయం అందించింది. 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం, అంటే క్యూనీ, హైస్కూలు పూర్తి చేసిన నగరవాసులందరికీ తలుపులు తెరిచింది. ఇంట్లో అంతకుముందు ఎవరూ కాలేజీ గడప తొక్కనివారు పెద్దసంఖ్యలో వచ్చారు. అధ్యాపకుడు తీరిక వేళల్లో చెప్పే నాలుగు మాటలు వారికి చాలలేదు. సలహా చెప్పడమే ఉద్యోగంగా ఉన్నవారిని విశ్వవిద్యాలయాలు నియమించడం అలా ఊపందుకుంది.

వృత్తికి సిద్ధాంత పునాది 1972లో పడింది. ఆ ఏడాది బర్న్స్ క్రూక్‌స్టన్, టెర్రీ ఓబానియన్ విడివిడిగా రాసిన వ్యాసాలు ఈ రంగంలో ఇప్పటికీ మొదట చదివించేవి. 1977లో వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్‌లో అడ్వైజర్ల తొలి జాతీయ సదస్సు జరిగింది. దాని ఫలితంగా 1979లో నకాడా అనే వృత్తిసంఘం ఏర్పడింది. దాని కార్యాలయం కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉంది.

సిద్ధాంతాలు

విద్యార్థులు ఎందుకు మానేస్తారన్న ప్రశ్నకు ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే జవాబు విన్సెంట్ టింటోది. 1975లో ఒక వ్యాసంలో ప్రతిపాదించి, 1987లో ‘లీవింగ్ కాలేజ్’ పుస్తకంలో ఆయన విస్తరించిన వాదన ఇది: చదువుపరంగానూ, సాంఘికంగానూ కాలేజీతో కలిసిపోయినవారు నిలబడతారు, కలవలేనివారు వెళ్లిపోతారు. ఆత్మహత్యల మీద ఫ్రెంచి సామాజికవేత్త దుర్ఖైమ్ చేసిన విశ్లేషణ ఈ నమూనాకు ఒక ఆధారం. సంస్థ తరఫున విద్యార్థిని పేరుపేరునా ఎరిగిన మనిషి ఒకరుండాలన్న వాదనకు దీనివల్ల బలం వచ్చింది.

దీనికి అభ్యంతరాలూ వచ్చాయి. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, ఇంటి నుంచి వచ్చిపోయేవారి విషయంలో క్యాంపస్ స్నేహాల కన్నా ఇంటి పరిస్థితులు, డబ్బు, పని వేళలే ఎక్కువ ప్రభావం చూపుతాయని జాన్ బీన్, బార్బరా మెట్జ్‌నర్ 1985లో చూపారు. కలిసిపోవడం అన్న మాటలో విద్యార్థి తన సమాజాన్ని వదులుకోవాలన్న ధ్వని ఉందని, అమెరికా ఆదివాసుల అనుభవాన్ని ముందుపెట్టి విలియం టియర్నీ 1992లో విమర్శించాడు. కొత్తగా వచ్చినవారిలో ‘నేనూ చదవగలను’ అన్న నమ్మకం కలిగించే బాధ్యత సంస్థదేనని లారా రెండన్ 1994లో వాదించింది. నేటి అడ్వైజింగ్ ఈ విమర్శలను చాలావరకు తనలో కలుపుకుంది.

పద్ధతులు

అడ్వైజింగ్ పద్ధతులను స్థూలంగా నాలుగు రకాలుగా చెబుతారు. మొదటిది నిర్దేశక పద్ధతి. విద్యార్థి అడుగుతాడు, అడ్వైజర్ నిబంధన చెబుతాడు, కాగితం మీద సంతకం పెడతాడు. పని త్వరగా తెములుతుంది కానీ విద్యార్థి ఆలోచన అక్కడితో ఆగుతుంది.

రెండోది వికాస పద్ధతి. ఓబానియన్ చెప్పిన వరస ఇందుకు మూలం: ముందు జీవిత లక్ష్యం, తరవాత వృత్తి లక్ష్యం, ఆ తరవాత ఏ డిగ్రీ, ఏ కోర్సులు, చివరికి టైంటేబుల్. ఆచరణలో సంభాషణ తరచు చివరి మెట్టుతోనే మొదలై దానితోనే ముగుస్తుంది. సలహా చెప్పడం కూడా బోధనే అన్నది క్రూక్‌స్టన్ మాట.

మూడోది ముందుచూపు పద్ధతి. సాయం ఎక్కువగా కావలసినవారే సాయం అడగరన్న అనుభవం మీద ఇది నడుస్తుంది. విద్యార్థి వచ్చేదాకా ఆగకుండా అడ్వైజరే ఫోన్ చేస్తాడు, పిలిపిస్తాడు. 1970, 80 దశకాల్లో రాబర్ట్ గ్లెన్నెన్, వాల్టర్ ఎర్ల్ దీన్ని చొరబాటు అడ్వైజింగ్ అన్న అర్థమిచ్చే పేరుతో ప్రచారం చేశారు. ఆ పేరు కటువుగా ఉందని తరవాత మార్చారు.

నాలుగోది విద్యార్థి బలాల నుంచి మొదలుపెట్టే పద్ధతి. జెన్నిఫర్ బ్లూమ్, ఆమె సహచరులు దీన్ని ఆరు దశలుగా రూపొందించారు. ఎక్కడ తప్పావు అని కాక, ఇంతవరకు ఏం సాధించావు అన్న ప్రశ్నతో సంభాషణ మొదలవుతుంది. తక్కువ గ్రేడ్ల వల్ల ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక జాబితాలో, పడి తల దించుకుని వచ్చే విద్యార్థితో మాట కలపడానికి ఇది ఉపయోగపడుతుంది.

పద్ధతి ఏదైనా అమలు చేయడానికి సమయం ఉండాలి. నకాడా 2011 జాతీయ సర్వేలో ఒక పూర్తికాల అడ్వైజర్‌కు మధ్యస్థంగా 296 మంది విద్యార్థులు తేలారు. పెద్ద కమ్యూనిటీ కాలేజీల్లో ఈ సంఖ్య వెయ్యి దాటడం అరుదు కాదు.

ఒక సమావేశంలో జరిగేది

కోర్సు వదులుకోవడానికి ఆఖరి తేదీ నాలుగు రోజుల్లో ఉందనగా, మొదటి ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థిని ఒకరు అడ్వైజర్ గదికి వచ్చిందనుకుందాం. కాల్‌క్యులస్ మిడ్‌టర్మ్ పోయింది. ఆ కోర్సు డ్రాప్ చేసేస్తానంటుంది. కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో అయ్యే పని అది.

అడ్వైజర్ డిగ్రీ ఆడిట్ తెరుస్తాడు. ఏ అవసరం తీరింది, ఏది మిగిలింది అన్నది విద్యార్థులవారీగా చూపే పట్టిక అది. ఆమె ఈ సెమిస్టర్‌లో తీసుకున్నవి 15 క్రెడిట్లు. కాల్‌క్యులస్ నాలుగు క్రెడిట్లు. వదిలేస్తే 11 మిగులుతాయి, అంటే పూర్తికాల హోదా పోతుంది. దానితో స్కాలర్‌షిప్‌కు ముప్పు, కొన్నిచోట్ల హాస్టల్ గదికీ ముప్పు. పైగా రెండో కాల్‌క్యులస్, ఫిజిక్స్ రెండింటికీ మొదటి కాల్‌క్యులస్ దాటి ఉండాలి. వాటి తరవాతి ఇంజినీరింగ్ కోర్సు ఏడాదికి ఒకసారే ఉంటే డిగ్రీ మొత్తం ఏడాది వెనక్కి జరుగుతుంది.

తరవాత అడ్వైజర్ అడిగే ప్రశ్న మార్కుల గురించి కాదు, వారంలో ఎన్ని గంటలు ఉద్యోగం చేస్తున్నావని. ఆమె గోదాములో రాత్రి షిఫ్టు చేస్తోందని అప్పుడు తెలుస్తుంది. హోంవర్క్ మార్కులు బాగానే ఉన్నాయి, పరీక్ష ముందు రాత్రి నిద్ర లేదు. ఇక దారులు మూడు. ఫైనల్‌లో ఎన్ని మార్కులొస్తే గట్టెక్కుతుందో లెక్కగట్టి, ట్యూటరింగ్ కేంద్రంలో వేళ రాయించి కోర్సులోనే ఉండటం. కోర్సు వదిలి, సెమిస్టర్ రెండో సగంలో మొదలయ్యే చిన్న కోర్సు ఒకటి చేర్చి 12 క్రెడిట్లు నిలుపుకోవడం. లేదా వదిలేసి వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో చదవడం, అయితే అక్కడి క్రెడిట్ ఇక్కడ చెల్లుతుందని ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం. నిర్ణయం ఆమెదే. అడ్వైజర్ వివరాలు నమోదు చేసి, మళ్లీ కలిసే తేదీ రాస్తాడు.

ఇందులో రహస్యమైన సమాచారం ఏదీ లేదు. అన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నవే, కాకపోతే రిజిస్ట్రార్, ఆర్థిక సాయం, హాస్టల్, డిపార్ట్‌మెంట్ పేజీల్లో విడివిడిగా ఉంటాయి. ఆ నాలుగింటినీ ఒక విద్యార్థి పరిస్థితికి కలిపి చదవడమే అడ్వైజర్ నైపుణ్యం.

ఫలితాల ఆధారాలు

అడ్వైజర్‌ను తరచు కలిసేవారు ఎక్కువగా డిగ్రీ పూర్తి చేస్తారన్న గణాంకం చాలా కాలేజీల్లో కనిపిస్తుంది. కానీ శ్రద్ధ ఉన్నవారే అడ్వైజర్‌ను కలుస్తారు కాబట్టి దాన్నిబట్టి సలహా ప్రభావం ఎంతో చెప్పలేం. లాటరీ తీసినట్టు విద్యార్థులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకే అదనపు సాయం ఇచ్చి పోల్చిన ప్రయోగాలే నమ్మదగిన ఆధారాలు.

వీటిలో ప్రసిద్ధమైనది క్యూనీ 2007లో కమ్యూనిటీ కాలేజీల్లో ప్రారంభించిన ఆసాప్ పథకం. దీని మీద పరిశోధన సంస్థ ఎండీఆర్‌సీ జరిపిన ప్రయోగంలో 896 మంది పాల్గొన్నారు. అందరూ తక్కువ ఆదాయంవారు, లెక్కల్లోనో ఇంగ్లిష్‌లోనో పునాది కోర్సులు చదవాల్సినవారు. ఆసాప్ జట్టులో ఒక్కో అడ్వైజర్‌కు 60 నుంచి 80 మంది విద్యార్థులే. మిగిలిన జట్టుకు మామూలు ఏర్పాటు, అంటే అడ్వైజర్‌కు 600 నుంచి 1,500 మంది. ఆసాప్ విద్యార్థి పూర్తికాలం చదవాలి, అడ్వైజర్‌ను నెలకు రెండుసార్లు కలవాలి అన్నది నియమం. బదులుగా ఆర్థిక సాయం పోగా మిగిలిన ట్యూషన్ ఫీజు మాఫీ, పాఠ్యపుస్తకాలు, సబ్‌వే, బస్సు ప్రయాణానికి నెలవారీ మెట్రోకార్డు ఇచ్చేవారు. నియమాలు పాటిస్తేనే మెట్రోకార్డు అందేది కాబట్టి సమావేశాలు ఎగ్గొట్టేవారు తక్కువగా ఉండేవారు. మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవారు ఆసాప్ జట్టులో 40.1 శాతం, మామూలు జట్టులో 21.8 శాతం. మూడేళ్లలో ఒక్కో విద్యార్థి మీద అదనంగా 16,000 డాలర్లకు పైగా ఖర్చయింది. అయినా పట్టభద్రులు అంతగా పెరగడంతో ఒక్కో డిగ్రీకి పడిన ఖర్చు తగ్గింది.

న్యూయార్క్‌లో ఫలించినది మరోచోట ఫలిస్తుందా అన్న సందేహానికి ఒహాయోలోని మూడు కమ్యూనిటీ కాలేజీలు జవాబిచ్చాయి. అదే నమూనాను అక్కడ అమలు చేస్తే మూడేళ్ల గ్రాడ్యుయేషన్ 19 నుంచి 35 శాతానికి పెరిగింది.

అదే ఒహాయోలో అంతకుముందు జరిగిన మరో ప్రయోగం ఇంతే ముఖ్యమైనది. రెండు కమ్యూనిటీ కాలేజీల్లో సుమారు 2,000 మంది మీద జరిగిన ఆ ప్రయోగంలో అడ్వైజర్‌కు 160 మందికి మించకుండా చూసి, విద్యార్థులకు చిన్న మొత్తంలో భృతి ఇచ్చి, రెండు సెమిస్టర్లపాటు అదనపు సలహా అందించారు. పథకం నడిచినంత కాలం కొనసాగింపు, అంటే మధ్యలో మానకుండా చదివేవారి శాతం, పెరిగింది. ఆపేశాక కొద్దికాలానికే తేడా చెరిగిపోయింది.

ఫోన్‌లో సలహా కూడా పనిచేయగలదని ఎరిక్ బెటింజర్, రేచెల్ బేకర్ అధ్యయనం తేల్చింది. ఇన్‌సైడ్‌ట్రాక్ సంస్థ కోచ్‌లు విద్యార్థులకు క్రమం తప్పకుండా ఫోన్ చేసి చదువు, పని, ఇంటి బాధ్యతల మధ్య సమయం ఎలా పంచుకోవాలో మాట్లాడారు. 13,000 మందికి పైగా పాల్గొన్న ఈ ప్రయోగంలో ఏడాది తరవాత కూడా చదువుతున్నవారు సుమారు 5 శాతం పాయింట్లు ఎక్కువ.

అడ్వైజర్ ఎవరన్నదీ లెక్కలోకి వస్తుంది. బీరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థులకు అధ్యాపక అడ్వైజర్లను యాదృచ్ఛికంగా కేటాయిస్తారు. ఆ రికార్డులను విశ్లేషిస్తే మంచి అడ్వైజర్ల చేతిలో పడినవారికి గ్రేడ్లు మెరుగై, సకాలంలో డిగ్రీ వచ్చే అవకాశం పెరిగిందని తేలింది.

డేటా ఆధారిత అడ్వైజింగ్

అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరేళ్ల గ్రాడ్యుయేషన్ రేటు 2003లో 32 శాతం ఉండేది. 2010ల చివరికి అది 54 శాతం దాకా పెరిగింది. నల్లజాతి, హిస్పానిక్, తక్కువ ఆదాయ విద్యార్థులు మిగతావారితో సమానంగానో అంతకన్నా మిన్నగానో డిగ్రీలు పూర్తి చేయడం మొదలైంది. ఈ మార్పునకు నాయకత్వం వహించినది టిమొతీ రెనిక్.

విశ్వవిద్యాలయం పదేళ్ల రికార్డులు, సుమారు 25 లక్షల గ్రేడ్లు పరిశీలించి, విద్యార్థి దారి తప్పుతున్నాడని చెప్పే 800కు పైగా సూచికలను గుర్తించింది. మేజర్‌కు అక్కరలేని కోర్సులో రిజిస్టర్ కావడం, మేజర్ మొదటి కోర్సులోనే సీ గ్రేడ్ రావడం వాటిలో కొన్ని. సీ అంటే పాసే కాబట్టి అంతకుముందు ఎవరూ పట్టించుకునేవారు కారు. 2012 నుంచి ఇలాంటి సూచిక కనబడగానే అడ్వైజర్‌కు సందేశం వెళ్తుంది, అడ్వైజర్ విద్యార్థిని పిలుస్తాడు. ఇందుకోసం కొత్తగా 42 మంది అడ్వైజర్లను తీసుకున్నారు. ఒక్కొక్కరికి సుమారు 700 మంది ఉన్న చోట 300కు తగ్గించారు. ఫీజు బాకీ కొద్ది మొత్తమే ఉన్నా రిజిస్ట్రేషన్ రద్దయ్యే విద్యార్థులకు, ముఖ్యంగా డిగ్రీకి దగ్గరపడినవారికి, అడగకుండానే చిన్న గ్రాంట్లు ఇవ్వడం 2011లో మొదలుపెట్టారు. 2016లో వచ్చిన పౌన్స్ అనే చాట్‌బాట్, సీటు వచ్చాక వేసవిలో జారిపోయేవారి సంఖ్యను సుమారు ఐదోవంతు తగ్గించింది.

ఈ విజయాన్ని సాఫ్ట్‌వేర్ ఖాతాలో వేయడం పొరపాటు. హెచ్చరిక వచ్చినప్పుడు ఫోన్ చేయడానికి మనిషి, బాకీ తీర్చడానికి నిధి ఉండబట్టే హెచ్చరికకు విలువ వచ్చింది. పదకొండు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కూటమి ఇదే తరహా డేటా ఆధారిత అడ్వైజింగ్‌ను పది వేల మందికి పైగా విద్యార్థుల మీద ప్రయోగించి చూసింది. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జార్జియా స్టేట్‌లో మాత్రం మంచి ఫలితం వచ్చింది.

విమర్శలు

కొనసాగింపు లెక్కలు చూసి మోసపోవడం తేలిక. పర్‌డ్యూ విశ్వవిద్యాలయం 2007లో ప్రవేశపెట్టిన కోర్స్ సిగ్నల్స్ విధానంలో విద్యార్థికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలతో స్థితి తెలిసేది. ఆ విధానం వాడే కోర్సులు రెండో అంతకన్నా ఎక్కువో చదివినవారు ఎక్కువగా నిలబడ్డారని ప్రకటించారు. చదువు కొనసాగించినవారికే అలాంటి కోర్సులు రెండు చదివే అవకాశం ఉంటుందని, కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేశారని 2013లో విమర్శకులు ఎత్తిచూపారు.

విద్యార్థి విఫలమయ్యే ప్రమాదాన్ని అంచనా వేసే సాఫ్ట్‌వేర్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు జాతిని కూడా ఒక అంశంగా వాడుతున్నాయని 2021లో ద మార్కప్ వార్తా సంస్థ బయటపెట్టింది. అలాంటి అంచనా చూసిన అడ్వైజర్ నల్లజాతి విద్యార్థిని కష్టమైన మేజర్ నుంచి తేలికైన దానికి మళ్లించే ప్రమాదం ఉంది. అప్పుడు గ్రాడ్యుయేషన్ రేటు పెరుగుతుంది, విద్యార్థి ఆశయం మాత్రం కుదించుకుపోతుంది.

సంఖ్య కోసం మనిషిని వదులుకున్న ఉదంతం మేరీలాండ్‌లోని మౌంట్ సెయింట్ మేరీస్ విశ్వవిద్యాలయానిది. కొత్త విద్యార్థులకు ఒక సర్వే ఇచ్చి, నిలబడలేరనిపించినవారిని అధికారిక లెక్క తీసే తేదీకి ముందే సాగనంపితే కొనసాగింపు శాతం మెరుగుపడుతుందని అక్కడి అధ్యక్షుడు ప్రతిపాదించాడు. ఈ సంగతి 2016 జనవరిలో విద్యార్థి పత్రిక ద్వారా బయటికొచ్చి పెద్ద దుమారం రేగింది. ఆయన మరుసటి నెల రాజీనామా చేశాడు.

అమెరికాలో తెలుగు విద్యార్థులు

2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారని ఓపెన్ డోర్స్ నివేదిక తెలిపింది. సగానికి పైగా మాస్టర్స్, ఆపై చదువులవారు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారు ఇందులో పెద్ద వాటా. వీరికి అడ్వైజింగ్ రెండు గదుల్లో జరుగుతుంది. కోర్సుల సంగతి డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ చూస్తాడు. ఎఫ్-1 వీసా హోదా సంగతి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో డీఎస్‌ఓ అనే అధికారి చూస్తాడు.

ఎఫ్-1 విద్యార్థి ప్రతి సెమిస్టర్ పూర్తి కోర్సు భారం తీసుకోవాలి. బ్యాచిలర్స్‌లో అది 12 క్రెడిట్లు, మాస్టర్స్‌లో సాధారణంగా 9. ఆ లెక్కలోకి ఆన్‌లైన్ కోర్సు ఒకటే వస్తుంది. డీఎస్‌ఓ ముందస్తు అనుమతి లేకుండా కోర్సు వదిలి ఆ పరిమితి కిందికి దిగితే హోదాయే పోతుంది. బోధన పద్ధతి కొత్త కావడం, స్థాయికి తగని కోర్సులో పడటం వంటి చదువు ఇబ్బందులుంటే భారం తగ్గించుకోవచ్చు. అయితే ఆ సౌకర్యం ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే. అనారోగ్యానికి మొత్తం పన్నెండు నెలల దాకా మినహాయింపు ఉంది.

చాలా మాస్టర్స్ ప్రోగ్రాముల్లో జీపీఏ 3.0కు తగ్గితే ప్రొబేషన్. తెలుగు విద్యార్థులు ఈ దశలో అడ్వైజర్ దగ్గరికి కాక రూమ్‌మేట్, సీనియర్, వాట్సాప్ గ్రూపుల దగ్గరికి వెళ్లడం తరచు కనిపిస్తుంది. సీనియర్ అనుభవం నిజమే కావచ్చు, నిబంధన మాత్రం అతని విశ్వవిద్యాలయానిదో, అతను చేరిన ఏడాదిదో అయి ఉంటుంది. తల్లిదండ్రులు తెలుసుకోవలసినది మరొకటుంది. 1974 నాటి విద్యా గోప్యతా చట్టం కింద, విద్యార్థి అనుమతి లేనిదే సాధారణంగా మార్కుల వివరాలు ఇంటివారికి చెప్పరు. భారతదేశంలోని కాలేజీల్లోలాగా ఇంటికి ఫోన్ రాదు.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారతీయ కాలేజీల్లో పాఠ్యక్రమం చాలాకాలం ముందే నిర్ణయమై ఉండేది కాబట్టి కోర్సుల ఎంపికకు సలహా పెద్దగా అవసరపడలేదు. హాజరు, బ్యాక్‌లాగులు, డిటెన్షన్ ఇక్కడి సమస్యలు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో 75 శాతం హాజరు తప్పనిసరి. సరైన కారణముంటే 65 దాకా మినహాయింపు దొరుకుతుంది, అంతకు తగ్గితే డిటెయిన్ అవుతారు. మెంటర్-మెంటీ ఏర్పాటు చాలా కాలేజీల్లో ఉంది. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ మదింపులో మెంటర్‌కు ఎందరు విద్యార్థులన్నది ఒక ప్రమాణం కావడం ఇందుకు ఒక కారణం. ఐఐటీల్లో ప్రతి బృందానికి ఫ్యాకల్టీ అడ్వైజర్ ఉంటారు. యూజీసీ 2019లో కొత్త విద్యార్థుల కోసం దీక్షారంభ్ పరిచయ కార్యక్రమాన్ని రూపొందించింది.

2015లో ఐఐటీ రూర్కీ సీజీపీఏ 5కు చేరని 70 మందికి పైగా మొదటి ఏడాది విద్యార్థులను తొలగించింది. హైకోర్టులోనూ వారికి ఊరట దొరకలేదు. తరవాత సంస్థే షరతులతో మరో అవకాశమిచ్చింది. మొదటి సెమిస్టర్ ఫలితాలకూ ఏడాది చివరి వేటుకూ మధ్య ఏం చేశారన్నది అడ్వైజింగ్ వేయాల్సిన ప్రశ్న. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి అంతకుముందు ఐదేళ్లలో 13,600 మందికి పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు వైదొలిగారని 2023 డిసెంబరులో కేంద్రం లోక్‌సభకు తెలిపింది. వీరిలో కోర్సు, సంస్థ మారినవారూ ఉంటారని వివరించింది.

ఇప్పుడు ఎంపికలు పెరుగుతున్నాయి. జాతీయ విద్యావిధానం 2020 ప్రకారం ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా తీసుకుని ఆగి, మళ్లీ వచ్చి కొనసాగించవచ్చు. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు. 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వాటిని జమ చేసి ఉంచుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశ విధానం ద్వారా చేరే విద్యార్థులు బకెట్లు అనే సబ్జెక్టుల జాబితాల నుంచి సబ్జెక్టులు ఎంచుకుంటున్నారు. సుమారు నూట యాభై ఏళ్ల కిందట ఐచ్ఛిక కోర్సులతో అమెరికన్ కాలేజీలకు వచ్చిన అవసరమే ఇప్పుడు ఇక్కడికీ వచ్చింది. ఆగే వీలు కల్పించిన చోట, ఆగినవారిని మళ్లీ రప్పించే మనిషి లేకపోతే ఆ వెసులుబాటే మానేసే దారి అవుతుంది.

మదింపు

అడ్వైజింగ్ ఒక్కటే పేదరికాన్ని తీర్చదు, బలహీనమైన బోధనను సరిచేయదు. మూడు షరతులు తీరితే మాత్రం డిగ్రీల సంఖ్యను పెంచుతుందని ప్రయోగాలు నిరూపించాయి. అడ్వైజర్‌కు విద్యార్థులు తక్కువగా ఉండాలి. ఏర్పాటు డిగ్రీ పూర్తయ్యేదాకా సాగాలి. ఫీజు, పుస్తకాలు, ప్రయాణం వంటి అడ్డంకులను తొలగించే వనరులు దానికి తోడుండాలి. మెంటర్ రిజిస్టర్‌లో నెలకొక సంతకంతో ఈ మూడింటిలో ఏదీ తీరదు. అడ్వైజర్‌కు 60 నుంచి 80 మందిని అప్పగించి మూడేళ్లు నడిపిన చోట పట్టభద్రులు దాదాపు రెట్టింపయ్యారు. 160 మంది దాకా అప్పగించి రెండు సెమిస్టర్లకే ఆపేసిన చోట ఫలితం నిలవలేదు.